నూరువరహాల చిగుళ్లు పసుపెక్కితే యూరియా వేయొద్దు

అనంతపురంలో మేడ మీది కుండీలో నూరువరహాల చెట్టు, బోరు నీళ్లు, కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా అన్నారు కదండీ. ఇది ఇనుపధాతు లోపం. యూరియా తీర్చేది నత్రజని లోపాన్ని; అదైతే ముందు ముదురాకులు పసుపెక్కుతాయి, ఈనెలతో సహా. మీ చెట్టుకు తిరగబడి చిగురు నుంచి మొదలైంది.

మట్టిలో ఇనుము లేక కాదు. మన బోరు నీళ్ల సున్నం కుండీలో పేరుకుని, ఇనుమును వేరుకు అందకుండా కట్టేస్తుంది. కుండీ అంచున తెల్లటి పొర చూడండి, అదే సాక్ష్యం. చిటికెడు మట్టి మీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది.

వేరుశనగ రైతులు వాడే మందే ఇక్కడా పనిచేస్తుంది. లీటరు నీటిలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), తర్వాత 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండే మందు) కలిపి, సాయంత్రం ఆకుల రెండు వైపులా తడిసేలా పిచికారీ చేయండి. వారం తర్వాత మరోసారి. ద్రావణం నిలవుంటే తుప్పు రంగుకు మారి పనికిరాదు, ఏ రోజుది ఆ రోజే. గచ్చు మీద పడితే మరక పోదు, జాగ్రత్త.

అన్నభేది మట్టిలో పోస్తే సున్నం దాన్నీ మింగేస్తుంది. మట్టికైతే చీలేటెడ్ ఇనుము, అంటే సున్నానికి చిక్కకుండా పట్టి ఉంచిన ఇనుము కావాలి; అందులోనూ ఈడీడీహెచ్ఏ రకమే తీసుకోండి. ఈడీటీఏ రకం సున్నపు మట్టిలో నిలవదు.

బూడిద, కోడిగుడ్డు పెంకులు పూర్తిగా మానేయండి, అవి సున్నాన్ని ఇంకా పెంచుతాయి. వాన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోయండి. ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.