ఒకే ఇంట్లో రెండు సర్వర్లు చిరునామాలు పంచితే

ప్రశ్న: మాస్టారూ, మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర. మేడ మీద మేముంటాం, కింది గదుల్లో పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. రౌటరు రీసెట్ అయినప్పుడల్లా ప్రింటరు చిరునామా మారిపోయి ప్రశ్నపత్రాలు ఆగిపోతున్నాయి. అందుకని మా తమ్ముడు వదిలేసిన పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ లైనక్స్ వేసి, డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాంతో డీహెచ్‌సీపీ సర్వరు, అంటే నెట్‌వర్కులోని ఫోన్లకూ ప్రింటరుకూ ఐపీ చిరునామాలు (నంబర్లు) పంచేది, పెట్టాను. పంచే నంబర్ల రేంజ్ 192.168.1.2 నుంచి 192.168.1.254 వరకు ఇచ్చాను. రౌటరు 192.168.1.1, లైనక్స్ మెషీను 192.168.1.2. సిరిమానోత్సవం ముందు రోజు, తొలేళ్ల నాడు చుట్టాలు దిగేసరికి అసలు టెన్షన్ మొదలైంది. కొందరి ఫోన్లలో నెట్ బాగానే వస్తోంది. కొందరికి వైఫై గుర్తు ఉంటుంది గానీ ఏదీ తెరుచుకోదు. ప్రింటరు ఒకసారి కనిపిస్తుంది, ఇంకోసారి మాయం. ఎక్కడ తప్పు చేశాను?
— ఒక టీచరు, విజయనగరం

జవాబు: అమ్మా, మీ సర్వరు పనిచేస్తూనే ఉంది. రౌటరులో ఉన్న డీహెచ్‌సీపీని ఆపినట్టు మీరు రాయలేదు. లక్షణాలు చూస్తే అది కూడా పంచుతూనే ఉంది. పెళ్లివారి విడిదిలో గదుల తాళాలు ఇద్దరు మనుషులు, ఒకరికి తెలియకుండా ఒకరు పంచితే ఎలా ఉంటుందో మీ ఇంట్లో అదే జరుగుతోంది.

ఫోను వైఫైలోకి రాగానే "నాకెవరైనా చిరునామా ఇస్తారా" అని నెట్‌వర్కంతటికీ వినబడేలా అడుగుతుంది. రౌటరూ, మీ లైనక్స్ మెషీనూ రెండూ "ఇదిగో" అంటాయి. ఫోను సాధారణంగా ముందు అందినదే పుచ్చుకుంటుంది. అందుకే ఒకే ఇంట్లో ఒక ఫోనుకు ఒకలా, ఇంకో ఫోనుకు మరోలా అవుతోంది.

మరి లైనక్స్ నుంచి తీసుకున్న ఫోన్లకే నెట్ ఎందుకు రావడం లేదు? సర్వరు చిరునామాతో పాటు "బయటికి వెళ్లే దారి ఇది" అని గేట్‌వేని కూడా చెబుతుంది. మనం ఏమీ రాయకపోతే డీఎన్ఎస్‌మాస్క్ తన సొంత చిరునామానే గేట్‌వేగా చెప్పేస్తుంది. అంటే ఆ ఫోన్లు నెట్ కోసం 192.168.1.2 తలుపు తడుతున్నాయి. ఆ తలుపు వెనక దారి లేదు. ఈ ఒక్క విషయం తెలియక నేను ఒక ఆదివారమంతా కేబుళ్లు మార్చుకుంటూ కూర్చున్నాను, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ప్రింటరు మాయమవడానికి కారణం వేరే. రౌటరు పంచే నంబర్లూ మీరు పంచే నంబర్లూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకే నంబరు ప్రింటరుకీ, ఎవరో బంధువు ఫోనుకీ వెళ్లి ఉంటుంది.

ఇక సవరణ. ముందుగా లైనక్స్ మెషీను 192.168.1.2 మీరు చేత్తో స్థిరంగా పెట్టిందేనా, రౌటరు ఇచ్చిందా చూడండి. పంచేవాడి చిరునామా ఎప్పుడూ మారకూడదు. తర్వాత ఈటీసీ ఫోల్డరులోని డీఎన్ఎస్‌మాస్క్ కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచి డీహెచ్‌సీపీ-రేంజ్ లైనులో 192.168.1.100 నుంచి 192.168.1.200 వరకు, ఇచ్చిన నంబరుకు గడువు 12 గంటలు అని రాయండి. 101 నంబర్లు వస్తాయి, సిరిమానోత్సవం చుట్టాలందరికీ సరిపోతాయి. డీహెచ్‌సీపీ-ఆప్షన్ అని ఇంకో లైను పెట్టి 3, కామా, 192.168.1.1 అనండి. గేట్‌వే అంటే ఇదే, దీన్ని మాత్రం మరిచిపోకండి. డీహెచ్‌సీపీ-హోస్ట్ లైనులో ప్రింటరు మ్యాక్ అడ్రసూ (పరికరానికి తయారీలోనే ఇచ్చిన గుర్తింపు నంబరు), పక్కన 192.168.1.20 రాస్తే ప్రింటరుకు ఎప్పుడూ అదే నంబరు వస్తుంది. రేంజ్ బయట నంబరైనా ఫర్వాలేదు. డీఎన్ఎస్‌మాస్క్ కమాండుకు టెస్ట్ అనే ఆప్షన్ కలిపి నడిపితే ఫైల్లో అక్షరదోషాలుంటే చెప్పేస్తుంది.

ఇదంతా అయ్యాకే రౌటరు పేజీలోకి వెళ్లి అక్కడి డీహెచ్‌సీపీని ఆపండి. ఆపేముందు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి: "ఏదైనా తేడా వస్తే కంప్యూటరుకు చేత్తో 192.168.1.50 ఇచ్చి, బ్రౌజరులో 192.168.1.1 తెరవాలి". లేకపోతే రెండు సర్వర్లూ ఆగిన రోజున రౌటరు పేజీకి చేరే దారి తోచక ఇల్లంతా మీ మీద పడుతుంది.

ఆ రోజు మీ ఇంట్లో రాకూడదనే ఇంకో మాట చెబుతున్నాను. ఇక్కడ శ్రీకాకుళంలో ఒక గాలివాన రాత్రి మా ఇంట్లో కరెంటు పోయి వచ్చింది. రౌటరు తనంతట తాను లేచింది. సర్వరుగా పెట్టిన పాత కంప్యూటరు లేవలేదు. ఫోన్లన్నీ "ఐపీ అడ్రస్ పొందుతోంది" దగ్గరే ఆగిపోయాయి. మనవరాలితో వీడియో కాల్ కోసం కూర్చున్న మా ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది. మీ డెస్క్‌టాప్ బయోస్‌లో (కంప్యూటరు ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల పేజీలో), కరెంటు తిరిగొస్తే మెషీను దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగు ఉంటుంది. ఈ రోజే పెట్టండి. తర్వాత ప్లగ్ తీసి మళ్లీ పెట్టి, నిజంగా లేస్తోందో లేదో కళ్లారా చూడండి.

ప్రింటరు ఒక్కటే బాధ అయితే, ప్రింటరు మెనూలోనే రౌటరు పంచని నంబరు ఒకటి స్థిరంగా పెట్టినా సరిపోయేది. కానీ రీసెట్‌తో సెట్టింగులు తుడిచిపెట్టుకుపోయే రౌటరును నమ్ముకోవడం కంటే మీరు ఎంచుకున్న దారే నాకు నచ్చింది. ఒకటి గుర్తుంచుకోండి: అలాంటి రీసెట్ జరిగితే రౌటరులోని డీహెచ్‌సీపీ మళ్లీ మొదలవుతుంది. ఇవే లక్షణాలు తిరిగి కనిపిస్తే ముందు అక్కడ చూడండి.

ప్రశ్న: డీహెచ్‌సీపీ-హోస్ట్‌లో నా ఫోను మ్యాక్ అడ్రస్ రాశాను. అబౌట్ ఫోన్‌లో ఉన్నదే రాశాను. అయినా వేరే నంబరు వస్తోంది.
— ఒక డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి

జవాబు: బాబూ, ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు వైఫైకి అసలు మ్యాక్ చెప్పవు, ఒక్కో నెట్‌వర్కుకు ఒక్కో కల్పిత మ్యాక్ చెబుతాయి. బయటి వైఫైలలో నిన్నెవరూ గుర్తుపట్టకుండా ఉండడానికి అది మంచి ఏర్పాటే, అక్కడ అలాగే ఉండనివ్వు. మీ ఇంటి వైఫై పేరు మీద నొక్కి, ప్రైవసీలో ఫోను అసలు మ్యాక్ వాడమని ఎంచుకో. వైఫై ఒకసారి ఆపి మళ్లీ పెట్టు, నువ్వు రాసిన నంబరే వస్తుంది.