ఇంట్లోనే కలం పట్టిన అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

విజయవాడ, సత్యనారాయణపురం

అమ్మలూ,

నువ్వు వేసిన కలంకారీ బొమ్మల ఫొటోలు చూశాను. గీతలో వణుకు బాగా తగ్గింది. రథం చక్రాలు చక్కగా కుదిరాయి. గుర్రాల కాళ్ల దగ్గర మాత్రం తొందరపడ్డావు, అక్కడ కలం ఎండిపోయినా మళ్లీ ముంచకుండా లాగేసినట్టుంది. తిరుపతిలో ఉన్నప్పుడు శ్రీకాళహస్తి వెళ్లి నేర్చుకున్న విద్యను గుంటూరు వచ్చాక అటక మీద పెట్టకుండా, ఇక దీన్నే పనిగా పెట్టుకుంటానన్నావు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇల్లు, పిల్లాడు, అత్తగారు, వంట, వీటన్నిటి మధ్య ఎప్పుడు వేయాలి, ఎలా అమ్మాలి అని అడిగావు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే రాస్తున్నాను, దాచుకో.

ముందు టైము సంగతి. ఖాళీ దొరికినప్పుడు వేద్దామనుకుంటే ఈ పని సాగదు. ఇల్లు నడిపే మనిషికి ఖాళీ ఎవరూ తెచ్చివ్వరు, మనమే పక్కన పెట్టుకోవాలి. నా మాట విని పనిని రెండుగా విడదీసుకో. గీత వేయడం ఒకటి. బట్టను తడపడం, ఉడికించడం, ఉతకడం రెండోది. గీతకు చెయ్యీ మనసూ నిలకడగా ఉండాలి కాబట్టి పిల్లాడు బడికి వెళ్లిన వెంటనే రెండు గంటలు దానికే ఇవ్వు. వంట తర్వాత చూసుకోవచ్చు. ఆ రెండు గంటలూ ఫోను వేరే గదిలో ఉండాలి. అత్తయ్యగారికి ముందే కూర్చోబెట్టి చెప్పు: "పదకొండింటి దాకా నేను పనిలో ఉంటానండీ, ఎవరైనా వస్తే ఆ తర్వాత కలుస్తాను" అని. ఆఫీసుకు వెళ్లే కోడలిని పది గంటలకు ఎవరూ పిలవరు కదా, ఇదీ అంతే. మొదట్లో కాస్త ఇబ్బందిగా ఉంటుంది, నెల తిరిగేసరికి అందరికీ అలవాటైపోతుంది. రంగు పూరించే పని సాయంత్రం పెట్టుకో. ఎదురుగా పిల్లాడు హోంవర్కు చేసుకుంటున్నా ఆ పని జరుగుతుంది. తడి పనులు మాత్రం ఆదివారం, మీ ఆయన ఇంట్లో ఉండి పిల్లాణ్ణి చూసుకునే రోజున.

చోటు కూడా ఒకటే ఉండాలి. కిటికీ పక్కన, నీ ఎడమచేతి వైపు నుంచి వెలుతురు పడేలా, పొట్టి బల్ల మీద పాత దుప్పటి పరిచి దాని మీద బట్ట వేసుకో. రోజూ పరచి రోజూ సర్దాల్సిన చోట పెట్టుకుంటే పరిచే ఓపిక లేకే పని మానేస్తావు.

ఇక బట్ట. ఇక్కడ ఎంత శ్రద్ధ పెడితే తర్వాత అంత తేలిక. కోరా గాడా బట్ట, అంటే ముతక నూలుబట్ట తీసుకుని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గంజి పూర్తిగా పోయేదాకా ఉతికి ఆరెయ్యి. తర్వాత కరక్కాయ. గింజ తీసేసి పెచ్చు మాత్రమే దంచాలి. పొడి కొనుక్కుంటే పాతదో కొత్తదో తెలియదు, మూలికల కొట్లో కాయలే కొను. దాన్ని పచ్చి గేదెపాలలో కలిపి, వడగట్టి, బట్ట ముంచాలి. చిక్కటి గేదెపాలే కావాలి, వెన్న తీసిన పాకెట్ పాలు పనికిరావు. పాలలో కొవ్వు ఉంటేనే కలం పెట్టినప్పుడు రంగు పక్కకు పాకకుండా గీసిన చోట నిలబడుతుంది. ముంచాక బట్టను అన్ని వైపులా ఒకేలా పిండు. ఒక మూల ఎక్కువ తడి మిగిలితే ఆరాక అక్కడ మచ్చ కనబడుతుంది, ఎన్ని రంగులు వేసినా పోదు. మంచి ఎండలో, నేలకు తగలకుండా ఆరెయ్యి.

పచ్చిపాల వాసనకు మీ అపార్ట్‌మెంటులో పక్కవాళ్లు ఏమంటారోనని భయపడుతున్నావు. మేడ మీద వెయ్యి, ముందు వాచ్‌మన్‌కీ పై అంతస్తు వాళ్లకీ ఒక మాట చెప్పు. మన ఎండల గురించి నీకు చెప్పక్కర్లేదు, రోహిణి కార్తెలో అయితే చూస్తుండగానే ఆరిపోతుంది. అదే వాయుగుండం పట్టిన రోజుల్లో వేశావనుకో, రెండు రోజులైనా ఆరక బట్ట కంపు కొడుతుంది. అందుకే వానలు మొదలయ్యేలోపే రెండు మూడు నెలలకు సరిపడా బట్టకు పాలు పట్టించి, బాగా ఎండనిచ్చి, వేపాకు వేసి మడిచి పెట్టుకుంటాను. నువ్వూ అలాగే చెయ్యి.

నల్లరంగు కసిం నువ్వే తయారు చేసుకో. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు, ఒక కుండ చాలు. రెండు మూడు వారాలు ఊరనివ్వు. అయిందో లేదో వాసన చూసి చెప్పకు, కరక్కాయ పట్టించిన బట్ట ముక్క మీద ఒక చుక్క పెట్టు. పెట్టగానే పల్చగా, టీ నీళ్లలా ఉంటుంది. చూస్తుండగానే నల్లబడితే సిద్ధమైనట్టు. ముదురు గోధుమ రంగు దగ్గరే ఆగిపోతే ఇంకా ఊరాలి. నల్లగా రాలేదని ఒకే గీత మీద మళ్లీ మళ్లీ దిద్దే అలవాటు మానుకో. కసింలోని ఇనుము కాలం గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. పాతకాలపు తెరల్లో మిగతా బట్టంతా బాగుండి, నల్లగీత ఉన్నంత మేరా చీలిపోయినవి ఉన్నాయి. నువ్వు వేసేది నీ మనవరాళ్లు చూడాలంటే ఒక్కసారి, సరైన చిక్కదనంతో గీసి వదిలెయ్యి.

నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు, రంగులన్నీ అక్కడే పాడవుతాయి. శ్రీకాళహస్తిలో వాళ్లకు స్వర్ణముఖి నది ఉంది. మనకు ఇక్కడ బందరు కాలవ, ఏలూరు కాలవ ఉన్నా వాటిలో బట్ట జాడించే రోజులు పోయాయి, ఆ ఆలోచన పెట్టుకోకు. మీ ఇంటికి వచ్చేది బోరు నీళ్లా, మున్సిపాలిటీ నీళ్లా కనుక్కో. తర్వాత ఒక పరీక్ష చెయ్యి. కరక్కాయ పట్టించిన చిన్న ముక్కను ఆ నీళ్లలో గంటసేపు ఉంచు. బూడిద రంగుకు తిరిగితే నీళ్లలో ఇనుము ఉన్నట్టు. అది బోరువల్ల కావచ్చు, తుప్పు పట్టిన పైపువల్ల కావచ్చు. ఆ నీళ్లతో ఉతికితే పసుపు మాసిపోతుంది, ఎరుపు నల్లబారుతుంది. అప్పుడు మంచి కుళాయి నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోక తప్పదు. ఎరుపు రావాల్సిన చోట పటిక పెట్టిన బట్టను కనీసం ఒక రోజు ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించాలి. మేడ మీద ఏటవాలుగా చెక్క పెట్టి, దాని మీద బట్ట పరిచి పైనుంచి పైపుతో నీళ్లు వదిలితే నదిలో చేసినంత పని అవుతుంది. రుద్దకు, పిండకు. ఆ తర్వాత ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు వేసి ఉడికించు. పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట పట్టిన లేత రంగు ఉతుకుల్లో పోతుంది. పసుపుకు కరక్కాయ పువ్వు. దొరక్కపోతే దానిమ్మ తొక్క వాడు, కొంచెం మట్టిరంగు కలిసినట్టు వస్తుంది కానీ నాకు అది కూడా ఇష్టమే. నీలిమందు అన్నిటికంటే చివర.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది చెబుతాను. నీ బల్ల మీద ఎప్పుడూ రెండు బట్టలు ఉండాలి. ఒకటి ఆర్డరుది. రెండోది నీది, ఎవరూ అడగనిది.

ఆర్డర్లు వస్తాయి. దుపట్టాలు, జాకెట్టు ముక్కలు, గోడకు పెట్టుకునే చిన్న ఫ్రేములు, సంక్రాంతి బొమ్మల కొలువు వెనక వేసే తెరలు. వాటివల్లే ఇంట్లోకి డబ్బు వస్తుంది, వాటిని చిన్నచూపు చూడమని నేననను. కానీ అవే నెమలి, అవే తామరలు, అదే జీవవృక్షం ఏళ్ల తరబడి వేస్తూ పోతే చెయ్యి బండబారిపోతుంది. అలా ఆగిపోయిన మంచి మంచి చేతులను చూశాను, చాలా బాధేస్తుంది. వారానికి కనీసం రెండు పూటలు నీ బట్ట మీదే కూర్చో. ఏడాది పట్టనీ, రెండేళ్లు పట్టనీ.

ఏం వేయాలని అడుగుతావు. నువ్వు ఉన్నది గుంటూరులో. పల్నాటి కథ వెయ్యి. రామాయణ, భారతాలు శ్రీకాళహస్తిలో ఎన్నో చేతులు ఎంతో అందంగా వేశాయి, వేస్తున్నాయి. పల్నాడును అంత పెద్ద తెర మీద నింపడానికి మన దగ్గరివాళ్లే పూనుకోవాలి. మధ్యలో పెద్ద గడి, చుట్టూ వరుసలుగా చిన్న గడులు, ప్రతి గడి కింద తెలుగులో ఒక పంక్తి, ఇది నువ్వు నేర్చుకున్న పద్ధతే. చిన్న గడుల్లో నాయకురాలు నాగమ్మ, కోడిపోరు, ఓడినవాళ్లు రాజ్యం వదిలి వెళ్లడం, అలరాజు మరణం, మాంచాల దగ్గర సెలవు తీసుకునే బాలచంద్రుడు, కన్నమదాసు, కార్యమపూడి (ఇప్పటి కారంపూడి) రణరంగం. మధ్య గడిలో మాత్రం యుద్ధం వద్దు. అక్కడ చాపకూడు వెయ్యి. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించిన ఘట్టం ఆ కథకు గుండెకాయ అని నేను నమ్ముతాను. వరుసగా కూర్చున్న మనుషులు, ఒక్కొక్కరి తలపాగా ఒక్కో రకం, ఒక్కో వయసు, కంచాల మీదికి వంగిన భుజాలు. అంతమందిని ఒకేలా కాకుండా వేయడం నీ గీతకు పెద్ద పరీక్ష.

కార్తీకమాసంలో కారంపూడిలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. వీలు చూసుకుని మీ ఆయనతో కలిసి వెళ్లు. కథ పాడే వీరవిద్యావంతుల దగ్గర కూర్చుని విను, వాళ్లు నిలబడే తీరు, చెయ్యెత్తే తీరు బుర్రలో పెట్టుకో. పుస్తకంలో దొరకనిది అక్కడ దొరుకుతుంది.

అమరావతి మ్యూజియానికి కూడా పోయి రా, పిల్లాణ్ణీ తీసుకెళ్లు. ఒక చిన్న గుండ్రని పలకలో అంతమంది మనుషులను ఇరుకు అనిపించకుండా ఎలా పట్టించారో చూడు. అమరావతి స్తూపం శిల్పాల్లో చాలా చెన్నై మ్యూజియంలోనూ లండన్‌లోనూ ఉన్నాయి. చెన్నైలో ఉన్న నాలాగిరి ఏనుగు పలక ఫొటో సంపాదించి నీ బల్ల పైన గోడకు అంటించుకో. ఏనుగు మదమెక్కి జనాన్ని తొక్కుతున్నదీ అక్కడే, బుద్ధుడి ముందు మోకరిల్లినదీ అక్కడే, ఒకే వలయంలో. మధ్యలో గీత లేదు, గడి లేదు, అయినా ముందు ఏది జరిగిందో, తర్వాత ఏది జరిగిందో కంటికి తెలిసిపోతుంది. కోడిపోరు గడికి నీకు ఈ కిటుకే కావాలి. ఇక బెజవాడ వచ్చినప్పుడు బందరు రోడ్డులో బాపు మ్యూజియానికి నేనే తీసుకెళ్తాను.

ధర విషయంలో నీ మెతకదనం నాకు తెలుసు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఒక నోటుపుస్తకం పెట్టుకుని ప్రతి బట్టకూ పాలు, కరక్కాయ, మంజిష్ఠ, గ్యాసు, పట్టిన గంటలు రాసుకో. నీ రోజుకు మంచి తాపీమేస్త్రీ రోజు కూలి కంటే తక్కువ కట్టుకోకు. అడ్వాన్సు సగం చేతిలో పడ్డాకే బట్ట ముంచు. "అమ్ముడయ్యాక ఇస్తాం" అనే షాపులకు ఒకటి రెండు ముక్కలకు మించి ఇవ్వకు, ఇచ్చినవాటికి సంతకం తీసుకో. ఒక షాపువాళ్లు నా తెరలు ఏడాదిపాటు ఎండ తగిలే అద్దంలో వేలాడదీసి, వెలిసిపోయాక తిరిగి ఇచ్చారు. చుట్టాలు పెళ్లికి తెర వేసిపెట్టమని అడుగుతారు. మరీ దగ్గరివాళ్లకు మనస్ఫూర్తిగా కానుకగా ఇవ్వు, అది ఆనందమే. మిగతావాళ్లకు నవ్వుతూనే ధర చెప్పు. బెజవాడ వస్త్రలత బట్టల బజారులో మీటరు లెక్కన కలంకారీ ప్రింటు దొరుకుతోంది, దానికీ దీనికీ తేడా ఏమిటని ఎవరైనా అంటే కోపం తెచ్చుకోకు. రెండు బట్టలూ పక్కపక్కన పరిచి చూపించు. ప్రింటులో ఒకే ముఖం జానెడుకొకసారి మళ్లీ వస్తుంది, నీ దాంట్లో రాదు. పెడనలో అచ్చులతో అద్దేవాళ్ల పని మాత్రం వేరు, అది గొప్ప పనితనం, దాన్ని మిల్లు ప్రింటుతో కలిపి మాట్లాడకు.

అమ్మేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పు. శ్రీకాళహస్తి కలంకారీకీ, మచిలీపట్నం కలంకారీకీ భౌగోళిక గుర్తింపు ఉంది, అది ఆ ఊళ్లవాళ్ల హక్కు. నువ్వు గుంటూరులో వేసిన బట్ట మీద ఆ పేరు తగిలించకు. "శ్రీకాళహస్తిలో నేర్చుకున్నాను, చేతి కలంతో, సహజ రంగులతో గుంటూరులో వేశాను" అని రాయి, నీకు నేర్పిన గురువుగారి పేరు తప్పకుండా చేర్చు. 1950ల్లో, చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ మొదలవడం, జొన్నలగడ్డ గురప్పశెట్టి గారి లాంటివాళ్లు జీవితమంతా వేస్తూ, నేర్పుతూ ఉండటంవల్లే ఇది నీ దాకా వచ్చింది. ఆయనకు 2008లో పద్మశ్రీ ఇచ్చారు. ఎప్పుడైనా తొందరలో అక్రిలిక్ వాడితే అదీ చెప్పేసెయ్యి. కేంద్ర హస్తకళల శాఖవాళ్లు చేతిపనివాళ్లకిచ్చే పహచాన్ గుర్తింపు కార్డుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టు, ప్రభుత్వ మేళాల్లో స్టాలు అడగాలంటే అది ఉండాలి.

పూర్తయిన బట్టలు మడతపెట్టకు, మడత దగ్గర కసిం గీత తెగుతుంది. పాత నూలుచీర వేసి గొట్టానికి చుట్టి, ఎత్తులో పెట్టు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు కింది అరల్లో ఉన్నవేవీ మిగల్లేదు. అప్పటినుంచి నావన్నీ పై అరలోనే.

నీకోసం కసిం ఒక సీసాలో పోసి ఉంచాను, కొత్త కుండ ఊరేలోపు పనికొస్తుంది. వచ్చే ఆదివారం బస్సెక్కి రా. వచ్చేటప్పుడు చాపకూడు గడికి బొగ్గుతో వేసిన చిత్తు తీసుకురా, ఎంత వంకరగా ఉన్నా సరే. సీసా తీసుకెళ్లేటప్పుడు మూత మరీ బిగించకు, లోపల గాలి పుడుతుంది. నిలబెట్టి, ఒళ్లోనే పెట్టుకుని వెళ్లు.

నీ పెద్దమ్మ