దయ్యం రాకముందు చేయాల్సిన పని

చిరంజీవికి,

నీ ఉత్తరం అందింది. డికెన్స్ ‘ఎ క్రిస్మస్ కేరల్’ చదివి ప్రతీకలు, వాతావరణం, పాత్ర పరిణామం అంటూ నోట్సు బాగానే రాసుకున్నావు. పరీక్షకైతే ఢోకా లేదు. నువ్వు అడిగింది మాత్రం కథ రాయడం గురించి. కాబట్టి ఆ నోట్సు పక్కన పెట్టి, మొదటి అధ్యాయం ఒక్కటే మళ్ళీ చదువు.

పిసినారి వ్యాపారి స్క్రూజ్ భాగస్వామి మార్లీ చచ్చిపోయాడన్న మాటతోనే కథ మొదలవుతుంది. డికెన్స్ ఒకసారి చెప్పి ఊరుకోడు. ఖననం రిజిస్టరులో పాదిరీ సంతకం పెట్టాడంటాడు, గుమాస్తా పెట్టాడంటాడు, చివరికి స్క్రూజ్ కూడా పెట్టాడంటాడు. మనిషి పోయాడని కాగితాలతో సహా రుజువైతేనే కదా, ఏడేళ్ళ తర్వాత అతను ఇంట్లోకి నడిచొస్తే మన గుండె ఝల్లుమనేది!

ఆ రావడం కూడా ఒక్కసారిగా కాదు. స్క్రూజ్ ఇంటి తలుపుకు, తట్టడానికి పెద్ద కడియం ఒకటి ఉంటుంది. అందులో విశేషమేమీ లేదని, అతను దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాడని, ఊహలూ గీహలూ ఉన్న మనిషి కాదని ముందే చెప్పేస్తాడు రచయిత. ఆ తర్వాతే కడియంలో మార్లీ మొహం కనపడుతుంది. చీకటి గదిలో కుళ్ళిన రొయ్యలాగా మసక వెలుతురు దాని చుట్టూ! మరుక్షణం మళ్ళీ కడియమే. లోపలికెళ్ళిన స్క్రూజ్, తలుపు వెనక మార్లీ పిలక పొడుచుకొచ్చి ఉంటుందేమోనని తొంగి చూస్తాడు. అక్కడ కడియాన్ని బిగించిన మరలూ నట్లూ తప్ప ఏమీ లేవు. నన్ను భయపెట్టింది మొహం కాదు, ఆ మరలు.

మార్లీ దయ్యం ఒంటికి చుట్టుకుని వచ్చిన గొలుసు గురించి, ‘గొలుసు పాపానికి ప్రతీక’ అని రాశావు. డికెన్స్ అక్కడ పెట్టింది డబ్బు పెట్టెలు, తాళాలు, తాళంచెవులు, పద్దు పుస్తకాలు, దస్తావేజులు, బరువైన పర్సులు. అన్నీ ఉక్కువే, అన్నీ మార్లీ ఆఫీసు సామానే. ముందు అతను ఏం పని చేసి బతికాడో తెలిసింది కాబట్టి గొలుసు దానంతటదే కుదిరింది. వాతావరణమూ అంతే. ఎంగిలిచేత్తో కాకిని తోలని ఆ స్క్రూజ్ బొగ్గుపెట్టె తన గదిలోనే ఉంచుకుంటాడు. గుమాస్తా బాబ్ క్రాచిట్ కొవ్వొత్తి దగ్గర చలి కాచుకోబోతాడు. చలికాలం, యజమాని బుద్ధి, వారానికి 15 షిల్లింగుల జీతగాడి బతుకు ఒకే గదిలో కనపడ్డాయి. వీటిని విడివిడి శీర్షికల కింద ఎలా రాస్తావు?

చందా అడగడానికి వచ్చినవాళ్ళతో, జైళ్ళు లేవా, పేదల శరణాలయాలు లేవా అంటాడు స్క్రూజ్. అక్కడికి పోయే కంటే చావే నయమనుకుంటే చావనీ, అదనపు జనాభా తగ్గుతుందంటాడు. సాయం కావాలంటే శరణాలయంలో చేరమనే 1834 నాటి పేదల చట్టం నడుస్తున్న రోజుల్లో ఇది ఒక్కడి నోటి దురుసు కాదు, చాలామంది పెద్దమనుషుల మాటే. మార్లీ తర్వాత స్క్రూజ్ దగ్గరికి మరో మూడు దయ్యాలు వస్తాయి. బాబ్ కొడుకు చిన్నారి టిమ్ బతుకుతాడా అని స్క్రూజ్ తల్లడిల్లినప్పుడు, వాటిలో రెండో దయ్యం అదే మాట అతనికి వప్పచెబుతుంది. ఉపన్యాసం అక్కర్లేకపోయింది.

అజ్ఞానం, లేమి అనే ఇద్దరు పిల్లల్ని ఆ రెండో దయ్యం తన అంగీ కింద నుంచి బయటికి తీసే చోటు మాత్రం నాకు నచ్చదు. పేర్లు పెట్టి మరీ చూపించడం అవసరమా అనిపిస్తుంది. అయితే ఆ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు. 1843లోనే డికెన్స్ లండన్ ఫీల్డ్ లేన్‌లో నిరుపేద పిల్లల బడి చూసొచ్చాడు. పేద పిల్లల గురించి ముందు కరపత్రం వేద్దామనుకున్నాడు. అది మానేసి ఆరు వారాల్లో ఈ కథ ముగించాడు. డిసెంబరు 19న పుస్తకం వస్తే, పండగ లోపలే 6,000 కాపీలు చెల్లిపోయాయి. కరపత్రమైతే ఆ పని చేసేదా?

ఇక నువ్వు పంపిన కథ. నీ దయ్యం మూడు పేజీలు ఏకధాటిగా మాట్లాడింది. డికెన్స్ మూడో దయ్యం ఒక్క ముక్క మాట్లాడదు, చెయ్యి చూపిస్తుంది, అంతే. మొదటి రెండూ బోలెడు మాట్లాడాయి కాబట్టే ఆ మౌనం భరించలేం. నీ మూడు పేజీలు కొట్టెయ్. చనిపోయిన ఆ పెద్దాయన ఏం చేసి బతికాడో, ఇంట్లో ఏం వదిలి వెళ్ళాడో కథలో ఎక్కడా లేదు. ముందు అది తేల్చి, మొదటి రెండు పేజీలు తిరగరాసి పంపు. ఈసారి టైపు చేయించు. ఫోన్‌లో తీసిన ఫొటోలు చదవడం నా కళ్ళవల్ల కావడం లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు