నోవహు జలప్రళయం భౌతికంగా జరిగి ఉండగలదా?

అడిగిన ప్రశ్న ఇది: బైబిల్ మొదటి పుస్తకమైన ఆదికాండంలో చెప్పినట్టు నలభై పగళ్లు, నలభై రాత్రులు వాన కురిసి భూమ్మీది కొండలన్నీ మునిగిపోవడం సాధ్యమేనా, లేక అదంతా కల్పనా?

ముందే చెప్పేస్తాను. భూగోళమంతా మునిగిన వరద జరగలేదు, జరిగే వీలూ లేదు. కానీ మెసొపొటేమియా మైదానంలో, అంటే నేటి ఇరాక్‌లోని టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడిమి నేలలో, ఊళ్లకు ఊళ్లను ముంచేసిన వరదలు మాత్రం వచ్చాయి. ఈ కథ ఆ వరదల్లోంచే పుట్టిందనడానికి గట్టి కారణాలున్నాయి. నేను భూగర్భజలాల పనిలో బోరు కోర్‌లు చదివేవాణ్ణి. డ్రిల్లు వేసి తీసిన మట్టి, రాతి కడ్డీలను పెట్టెల్లో వరసగా పేర్చి, ఏ పొర ఎలా ఏర్పడిందో రాసుకోవడమే ఆ పని. కాబట్టి నా నమ్మకం నీళ్ల లెక్కల మీద కన్నా మట్టి సాక్ష్యం మీదే ఎక్కువ. అయినా లెక్క కూడా చూద్దాం, అది తొందరగానే తేలిపోతుంది.

ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. నలభై రోజుల్లో నీరు అంత ఎత్తుకు లేవాలంటే రోజుకు 220 మీటర్ల చొప్పున పెరగాలి. 24 గంటల్లో కురిసిన వానకు ఇప్పటివరకు ఉన్న రికార్డు 1,825 మిల్లీమీటర్లు. 1966 జనవరిలో రీయూనియన్ దీవిలో నమోదైంది. అంటే రెండు మీటర్లు కూడా లేదు. ఆ ఎత్తుకు భూమిని కప్పాలంటే సుమారు 450 కోట్ల ఘన కిలోమీటర్ల నీరు అదనంగా కావాలి. ఇప్పుడున్న సముద్రాలన్నీ కలిపినా 133 కోట్లకు కాస్త పైన. గాలిలో ఉన్న తేమంతా ఒక్కసారిగా కురిస్తే భూమి మీద రెండున్నర సెంటీమీటర్ల నీరు నిలుస్తుంది. ధ్రువాల మంచు అంతా కరిగినా సముద్రం 70 మీటర్లకు మించి పెరగదు.

అప్పట్లో ఆకాశంలో ఆవిరి దుప్పటి ఒకటి ఉండేదని కొందరంటారు. పది మీటర్ల నీటి బరువు మన మీదున్న వాతావరణం బరువంత ఉంటుంది. కొండలు ముంచేంత నీరు ఆవిరిగా పైన నిలిచి ఉంటే, కింద బతికినవాళ్ల మీద ఇప్పటికన్నా వందల రెట్ల ఒత్తిడి పడేది. పైగా ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడి వదులుతుంది. ఆ వేడికే నోవహు కట్టిన ఓడలో ఎవరూ మిగలరు.

ఆదికాండంలోని "అగాధజలాల ఊటలు" అన్న మాట చూపించి, భూమి లోపల సముద్రం దొరికిందట కదా అని నన్ను చాలామంది అడిగారు. 2014లో వచ్చిన వార్త అది. బ్రెజిల్‌లో దొరికిన ఒక వజ్రంలో రింగ్‌వుడైట్ అనే ఖనిజపు తునక ఉంది, దాని బరువులో ఒకటిన్నర శాతం దాకా నీరే. వార్త నిజం. అయితే 410 నుంచి 660 కిలోమీటర్ల లోతున ఉన్న ఆ నీరు ద్రవంగా లేదు, ఖనిజపు స్ఫటికంలోనే బంధించి ఉంది. తోడుకోవడానికి అక్కడ చెరువేమీ లేదు. అది బయటికి రావాలంటే ఆ రాయే కరగాలి.

దేవుడు ఆ నీటిని అద్భుతంగా పుట్టించి, మళ్లీ అద్భుతంగా తీసేశాడంటే భౌతికశాస్త్రానికి అక్కడ పని లేదు, నేను వాదించను. కానీ నీరు వచ్చి వెళ్లాక నేల మీద జాడ ఉండాలి. అద్భుతంగా వచ్చిన నీరైనా బురద మోస్తుంది.

వరద జాడ దాగేది కాదు. కోర్‌లో ఒక వరద పొర ఇలా ఉంటుంది: అడుగున కత్తితో కోసినట్టు ఒక గీత, దాని మీద చిన్న గులకలు, ముతక ఇసుక, పైకి వచ్చేకొద్దీ సన్న ఇసుక, ఆపైన ఒండ్రు, చివర బంకమట్టి. ఉద్ధృతి తగ్గేకొద్దీ బరువైనవి ముందు, తేలికైనవి తర్వాత దిగుతాయి. ఒండ్రు ఎక్కడ ఆగి బంక ఎక్కడ మొదలైందో వేళ్లకు తెలియకపోతే చిటికెడు పళ్ల మధ్య పెట్టుకుని చూసేవాళ్లం. ఒండ్రు అయితే కరకరలాడుతుంది, బంక అయితే వెన్నలా జారిపోతుంది.

అసలు విషయం ఆ బంక పైన ఉంటుంది. అక్కడ ఎండకు నెర్రెలిచ్చిన పగుళ్లు కనిపిస్తాయి, పై పొర ఇసుక వాటిలోకి దిగి గట్టిపడి ఉంటుంది. వేళ్లు దిగిన గొట్టాలుంటాయి, పురుగులు తొలిచిన బొరియలుంటాయి, నేల చాలాకాలం ఆరుబయట ఉంటే తప్ప కట్టని సున్నపు గడ్డలుంటాయి. వాటి మీద మళ్లీ ఇంకో వరద, మళ్లీ ఎండిన నేల. ఒకే ప్రళయం ఈ పొరలన్నిటినీ ఏడాదిలో పరిచి ఉంటే మధ్యలో నేల ఎప్పుడు ఎండింది, చెట్టు ఎప్పుడు మొలిచింది? ఈ ప్రశ్నకు నాకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. నీటి కింద పగుళ్లు ఇలా రావు.

భూమంతా మునిగి ఉంటే మిగతా చోట్లా ఆ గీత ఒకే కాలంలో కనబడాలి. గ్రీన్‌లాండ్ మంచులో లక్ష ఏళ్లకు పైబడిన పొరలున్నాయి. సముద్రం కిలోమీటర్ల ఎత్తు లేస్తే ఆ మంచు తేలిపోయి ముక్కలయ్యేది, కాలేదు. జపాన్‌లోని సుయిగెట్సు సరస్సు అడుగున ఏడాదికొకటి చొప్పున వేల వేల సన్న పొరలు చెదరకుండా పడి ఉన్నాయి. ఐరోపా ఓక్, పైన్ చెట్ల వలయాలను ఒకదానితో ఒకటి కలుపుకుంటూ వెళ్తే 12,000 ఏళ్ల వెనక్కి తెగకుండా లెక్క దొరుకుతుంది. బైబిల్ వంశావళులు లెక్కగట్టిన బిషప్ అషర్ ప్రకారం జలప్రళయం క్రీ.పూ. 2348 ప్రాంతంలో వచ్చింది. గిజా పిరమిడ్లు అప్పటికే కట్టి ఉన్నాయి, ఈజిప్టు రాజులు వరసగా పాలిస్తూనే ఉన్నారు.

భూవిజ్ఞానులు వరదంటే ముందే మొహం తిప్పుకుంటారన్న మాట వింటుంటాను. అందులో కొంత నిజం ఉండేది. 1923లో జె హార్లెన్ బ్రెట్జ్ అనే భూవిజ్ఞాని అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు బీడు లోయలను చూసి, ఇవి ఒక్క మహా వరద కోసినవని రాస్తే తోటివాళ్లు దశాబ్దాల పాటు ఒప్పుకోలేదు. తర్వాత మంచు ఆనకట్ట తెగి మంచుయుగపు మిసౌలా సరస్సు ఖాళీ అయిందని, అదీ పలుమార్లు జరిగిందని తేలింది. నీటి అడుగున ఇసుకలో పడే అలల గీతలు అక్కడ గుట్టలంత పెద్దవిగా ఉన్నాయి. 1979లో బ్రెట్జ్‌కు భూవిజ్ఞానంలో పెద్ద గౌరవమైన పెన్రోజ్ పతకం ఇచ్చారు. జాడ ఉంటే, ఆలస్యమైనా, ఒప్పుకోక తప్పదు. ప్రపంచ వరదకు ఆ జాడ లేదు.

మరి కథ ఎక్కడిది? 1872లో బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ మెసొపొటేమియాలోని పాత నగరం నినెవె నుంచి వచ్చిన మట్టి పలక చదివాడు. అందులో దేవతలు వరద పంపడం, ఉత్నపిష్టిం అనే మనిషి ఓడ కట్టడం, కొండ మీద ఆగడం, పక్షుల్ని వదలడం అన్నీ ఉన్నాయి. అంతకన్నా పాతదైన అత్రహాసిస్ కథ క్రీ.పూ. 17వ శతాబ్దపు పలకల మీద ఉంది. ఉత్నపిష్టిం ఊరు షురుప్పాక్. 1931లో అక్కడ తవ్వితే క్రీ.పూ. 2900 ప్రాంతపు వరద మట్టి నిజంగానే దొరికింది. అంతకు ముందే పురావస్తు శాస్త్రవేత్త లియొనార్డ్ వూలీ ఊర్ అనే పాత నగరంలో మూడు మీటర్లకు పైబడిన ఒండ్రు పొరను చూసి జలప్రళయం దొరికిందని ప్రకటించాడు. కానీ అది షురుప్పాక్ పొరకన్నా ఎన్నో శతాబ్దాల ముందరిది, ఊర్‌కు పాతిక కిలోమీటర్లలోపే ఉన్న ఎరిదు నగరంలో అది లేదు. అంటే వేరువేరు కాలాల్లో వచ్చిన వేరువేరు వరదలు. నల్లసముద్రంలోకి మధ్యధరా నీరు విరుచుకుపడిందన్న 1997 నాటి భూవిజ్ఞానులు రయన్, పిట్‌మన్‌ల వాదన కూడా ఉంది, కానీ ఆ నీరు ఎంత పెరిగిందన్న దాని మీద ఇంకా తగువే. నాకు నది వరదే సరిపోతుందనిపిస్తుంది.

ఆ మైదానం ఎంత చదునో తెలిస్తే మీకూ అలాగే అనిపించవచ్చు. గల్ఫ్ తీరం నుంచి 500 కిలోమీటర్లు లోపలికున్న బాగ్దాద్ సముద్ర మట్టానికి 35 మీటర్ల ఎత్తులో ఉంది, అంతే. నిలబడ్డ మనిషి కంటికి దిగంతం ఐదు కిలోమీటర్లలోపే. గట్లు తెగితే అతనికి కనిపించే నేల మిగలదు, ఎక్కడానికి కొండా ఉండదు. చిక్కు ఒకటుంది, దాన్ని దాటవేయను: నది వరదలో పడవ దిగువకు గల్ఫ్ వైపు కొట్టుకుపోతుంది, ఓడ ఆగిందని ఆదికాండం చెప్పే, ఎగువనున్న అరారాతు కొండలకు చేరదు. కాబట్టి స్థానిక వరద అన్నా ఆదికాండం అక్షరాలా నిలబడదు. పాత సుమేరియన్ కథలో బతికిన జియుసుద్రకు దేవతలు దిల్మున్‌లో చోటిచ్చారు. పండితులు ఎక్కువగా బహ్రెయిన్‌గా గుర్తించే ఆ దిల్మున్ దిగువనే ఉంది.

ఇక ఓడ. మూరల లెక్కన 135 మీటర్ల పొడవు. 1909లో అమెరికాలో కట్టిన వయోమింగ్ అనే చెక్క ఓడ దీనికన్నా తక్కువ పొడవైన ఒడలుతోనే అలలకు వంగి, కీళ్లు వదిలి, పంపులతో నీరు తోడుకుంటూ నడిచేది. 1924లో మునిగింది.

అన్ని జాతుల్లోనూ ఇలాంటి కథలున్నాయి కదా, మనకూ మనువు, చేప కథ శతపథ బ్రాహ్మణంలో ఉంది కదా అని మీరడగవచ్చు. మనుషులు నదుల పక్కనే ఊళ్లు కట్టుకున్నారు, అందరూ ఒకే వరద చూడనక్కర్లేదు. ఈజిప్టును చూడండి. నైలు ఏటా వేసవిలో వేళకు పొంగేది, జనం దానికోసం ఎదురుచూసేవారు, అక్కడ మనుషుల్ని తుడిచిపెట్టిన వరద కథకు పెద్ద చోటు లేదు. టైగ్రిస్, యూఫ్రటీస్ మాత్రం కొండల మీది మంచు కరిగి వసంతంలో పొంగేవి, సరిగ్గా బార్లీ చేలు కోతకొచ్చే రోజుల్లో.