నాలుగో రోజు జ్వరం తగ్గింది.. ఘనత గుళికలదేనా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. పోయిన నెల మావారికి జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు వచ్చాయి. ఫ్లూ అన్నారు. మూడో రోజు మా అపార్ట్‌మెంట్‌లో ఒకరు ఆసిల్లోకాక్సినమ్ అనే హోమియో గుళికల ట్యూబులు ఇచ్చారు. నాలుగో రోజుకి జ్వరం పోయింది. వానలు మొదలయ్యాయి కాబట్టి ముందుజాగ్రత్తగా అందరూ వేసుకోవాలంటున్నారు. గదిలో కోసిన ఉల్లిపాయ పెట్టమని, కర్పూరం మూట వాసన చూడమని, రోజూ తిప్పతీగ కషాయం తాగమని కూడా వాట్సాప్‌లో వస్తోంది. మామగారికి 68 ఏళ్లు, షుగర్ ఉంది. బాబుకి ఏడేళ్లు, 20 కిలోలు ఉంటాడు. టీకా వేయించుకుంటే దానివల్లే ఫ్లూ వస్తుందని మామగారు ఒప్పుకోవడం లేదు. గుళికలతో సరిపెట్టవచ్చా? వాటివల్ల ఆయన షుగర్ పెరుగుతుందా?

జవాబు: మీవారి జ్వరం ఎప్పుడు తగ్గాలో అప్పుడే తగ్గింది. ఫ్లూ వైరస్ ఒంట్లో చేరాక ఒకటి నుంచి నాలుగు రోజుల్లో, చాలామందిలో రెండో రోజుకి, లక్షణాలు కనిపిస్తాయి. జ్వరం మూడు నాలుగు రోజులుండి దిగిపోతుంది. దగ్గు, నీరసం మాత్రం రెండు మూడు వారాలు వదలవు. మనిషి మందు కోసం గట్టిగా వెతికేది జ్వరం ముదిరిన రెండో రోజో మూడో రోజో. ఆ పూట చేతికి ఏది అందితే, అది గుళికైనా, కషాయమైనా, అజిత్రోమైసిన్ అయినా, వీధి చివర ఎక్కించిన సెలైన్ అయినా, మర్నాటికి పేరు దానికే. కాకి వాలిన క్షణానే తాటిపండు రాలితే పండుని కాకే రాల్చిందనుకోవడం లాంటిది ఇది. 'కాకతాళీయం' అనే మాట పుట్టిందే అందుకు. గుళికలిచ్చినవాళ్లని అడగాల్సింది ఒకటే: అవి వేసుకోనివాళ్లకి ఎన్ని రోజుల్లో తగ్గింది? ముందుజాగ్రత్త విషయంలో ఈ పొరపాటు ఇంకా సులువు. గుళిక వేసుకున్నా వేసుకోకపోయినా ఒక సీజన్‌లో చాలామందికి ఫ్లూ రాదు. రానివాళ్లంతా సాక్షులైపోతారు. వచ్చినవాళ్లు గ్రూపులో ఏమీ రాయరు.

ఇక ఆ గుళికల సంగతి. 1917లో జోసెఫ్ రాయ్ అనే ఫ్రెంచి డాక్టర్ ఫ్లూ రోగుల రక్తంలో అటూ ఇటూ ఊగే సూక్ష్మజీవిని చూశానన్నాడు. దానికి పెట్టిన పేరే ఆసిల్లోకాకస్. తర్వాత క్యాన్సర్‌తో సహా మరికొన్ని జబ్బుల్లోనూ అదే కనిపించిందన్నాడు. ఇంకెవరికీ అది కనిపించలేదు. అసలు ఫ్లూ వైరస్ సైజు 100 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మామూలు సూక్ష్మదర్శినికి 200 కంటే చిన్నవి విడివిడిగా ఆనవు. మనుషుల ఫ్లూ వైరస్‌ని వేరుచేసిందే 1933లో. తాను చూసిన జీవి బాతు కాలేయంలోనూ ఉందని రాయ్ నమ్మడంతో ఆ మందు బాతు కాలేయం, గుండెలతో తయారవుతోంది. తమాషా ఏమిటంటే ఇన్‌ఫ్లుయెంజా-ఏ వైరస్‌కి అడవి బాతులు, ఇతర నీటిపక్షులే నిజంగా పుట్టినిల్లు. పాపం, ఆయనకి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు.

డబ్బా మీద '200' అని ఉంటుంది చూడండి. ఒక వంతు పదార్థాన్ని 99 వంతుల ద్రావణంలో కలిపి, అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ 99లో కలుపుతూ, అలా 200 సార్లు పలుచన చేశారని అర్థం. పన్నెండోసారికే మూలపదార్థపు అణువు ఒక్కటైనా మిగలడం అనుమానం. రెండువందలకి వచ్చేసరికి పలుచన 1 పక్కన 400 సున్నాలు. 'ఆర్సెనికమ్ 30' అనే మరో హోమియో మందుకైతే 60 సున్నాలు. కాబట్టి గుళికల వల్ల హాని లేదు. హాని అంతా వాటిని నమ్ముకుని టీకా మానేయడంలో, షుగర్ మనిషికి జ్వరం వస్తే మూడు రోజులు కూర్చోవడంలో ఉంది.

ఉల్లిపాయ గాల్లోని వైరస్‌ని లాగేస్తుందన్న మాటకి పెద్దగా సమయం అక్కర్లేదు. వైరస్ పెరగాలంటే బతికున్న కణం కావాలి. గాల్లోని తుంపర్లు నడుచుకుంటూ పళ్లెంలోకి రావు. కోసిన ముక్క నల్లబడేది గాలి తగిలి, ఎండి. మిరియాలు, శొంఠి, తులసి వేసిన కషాయం గొంతుకి హాయిగా ఉంటుంది, తాగండి. ఏడాది దాటిన పిల్లలకి పడుకునే ముందు చెంచా తేనె దగ్గుని కాస్త తగ్గిస్తుంది. మామగారి గ్లాసులో మాత్రం బెల్లం, తేనె వద్దు. తిప్పతీగ వేరే కథ. కోవిడ్ రోజుల్లో దాన్ని వారాల తరబడి తాగి కాలేయం దెబ్బతిన్న రోగుల వివరాలను ముంబై డాక్టర్లు ప్రచురించారు. రోజువారీ అలవాటుగా ఎవరికీ వద్దు.

కర్పూరం మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందంటారు, పెరగదు. బాబు దాన్ని నోట్లో పెట్టుకుని మింగితే ఫిట్స్ రావచ్చు, అదీ కొద్ది మోతాదుకే. హారతి కర్పూరం డబ్బా పిల్లలకి అందనంత ఎత్తున పెట్టండి. ఆవిరి పట్టించేటప్పుడు మరిగే గిన్నె ఒళ్లో ఒలికి కాలిన పిల్లల కేసులు ఎక్కడైనా ఉంటాయి. ఆ వేడి వైరస్‌ని చంపాలంటే ముందు ముక్కు కాలాలి.

అజిత్రోమైసిన్ బ్యాక్టీరియా మందు, ఫ్లూ మీద పనిచేయదు. సెలైన్ అడిగి మరీ ఎక్కించుకునేవాళ్లున్నారు. అర లీటరు డీఎన్‌ఎస్ (గ్లూకోజ్ కలిపిన సెలైన్)లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, నాలుగున్నర గ్రాముల ఉప్పు. నోటితో తాగగలిగితే లీటరు నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి తాగడం మేలు. తెల్లారేసరికి జ్వరాన్ని మాయం చేసే ఇంజక్షన్ ఎవరైనా ఇస్తామంటే పేరు చదవండి. డెక్సామెథసోన్ అయితే వద్దనండి. అది స్టెరాయిడ్. మామగారి షుగర్‌ని అమాంతం పెంచుతుంది, వైరస్‌కి దారి ఇస్తుంది.

బాబుకి జ్వరం వస్తే పారాసెటమాల్ చాలు. లెక్క వయసుతో కాదు, బరువుతో: కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 20 కిలోలకి ఒక మోతాదు 250 మిల్లీగ్రాములు అనుకోండి. పొరపాటు జరిగేది సీసాల దగ్గరే. 5 మిల్లీలీటర్లకి 125 ఉండే సిరప్ ఉంది, 250 ఉండేదీ ఉంది. మొదటిదైతే 10 మిల్లీలీటర్లు, రెండోదైతే 5. ఆరేసి గంటల ఎడంతో, రోజుకి నాలుగుసార్లకి మించకుండా. జలుబు సిరప్‌లలోనూ, పెద్దల జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది. రెండూ కలిపితే తెలియకుండానే మోతాదు రెట్టింపవుతుంది. పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వొద్దు, కాలేయం, మెదడు దెబ్బతినే రేస్ సిండ్రోమ్ అనే ప్రమాదం ఉంది. వానాకాలంలో విశాఖలో డెంగీ కూడా ఉంటుంది కాబట్టి జ్వరం ఏదో తేలేదాకా ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ముట్టుకోవద్దు. జ్వరముండి దగ్గు, జలుబు లేకపోతే డెంగీకి చేసే ఎన్‌ఎస్‌1 పరీక్ష చేయించండి. ఈమధ్య అరకు, పాడేరు వైపు వెళ్లొచ్చి ఉంటే మలేరియా పరీక్ష కూడా.

మామగారి విషయానికి వస్తే, టీకాతో ఫ్లూ రాదు. మన దగ్గర వేసే ఇంజక్షన్‌లో ఉండేది చంపిన వైరస్ ముక్కలు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం సహజం. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. ఆ లోపు అసలు ఫ్లూ అంటుకుంటే నింద టీకా మీద పడుతుంది. మళ్లీ కాకతాళీయమే. అయితే టీకా కవచం కాదని కూడా చెప్పాలి. తిరుగుతున్న వైరస్‌తో టీకా బాగా సరిపోలిన ఏడాది జబ్బు ముప్పుని 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది. వచ్చినా ఆసుపత్రి దాకా వెళ్లే అవకాశం తగ్గుతుంది. వైరస్ తన జన్యువుని నకలు చేసేటప్పుడు తప్పులు దిద్దుకోదు. అందుకే రూపం మారుతూ ఉంటుంది, అందుకే టీకా ఏటా వేయించుకోవాలి.

మన దేశంలో ఫ్లూ రెండుసార్లు ఎగబాకుతుంది: వానల కాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా మరోసారి. ఏప్రిల్, మేలో వేయించుకోవడం మంచిది. తప్పిపోయినా ఇప్పుడు వేయించండి. మామగారికి భుజం కండలో అర మిల్లీలీటరు, ఒక్క డోసు. బాబు తొమ్మిదేళ్ల లోపువాడు, మొదటిసారి కాబట్టి నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు. మూడు రకాల ఫ్లూ వైరస్‌లకి పనిచేసే టీకా అయినా చాలు. నాలుగో రకమైన బి/యమగాటా 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణ కాలేదు. మందుల షాపులో మీరే కొని క్లినిక్‌కి తీసుకెళ్లేట్టయితే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం తప్పకూడదు. ఐస్ ముక్కలకి నేరుగా ఆనించొద్దు. గడ్డకట్టిన టీకా పనికిరాదు.

టీకా వేసుకున్నా ఆయనకి జ్వరం, దగ్గు మొదలైతే రెండో రోజు దాటనివ్వొద్దు. ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. కణం నుంచి కొత్త వైరస్‌లు తెంపుకుని బయటపడటానికి వాడే కత్తెర లాంటి ప్రొటీన్‌ని అది బిగించేస్తుంది. పెద్దలకి మామూలుగా 75 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకి రెండు, అయిదు రోజులు. కిడ్నీ బాగోకపోతే మోతాదు తగ్గించాలి కాబట్టి డాక్టర్ దగ్గరికి క్రియాటినిన్ రిపోర్టు తీసుకెళ్లండి. తిండి తగ్గిందని ఇన్సులిన్ పూర్తిగా ఆపకండి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి షుగర్ చూడండి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడుతుంటే జ్వరం రోజుల్లో ఆపాలేమో ఫోన్ చేసి అడగండి. ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, ఆయాసం, ఛాతీ నొప్పి, తికమక మాటలు కనిపించినా, తగ్గిన జ్వరం రెండు రోజులాగి మళ్లీ తిరగబెట్టినా కేజీహెచ్‌కో దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెంటనే తీసుకెళ్లండి. చివరిది బ్యాక్టీరియా న్యుమోనియా గుర్తు. యాంటీబయాటిక్ అవసరమయ్యేది అక్కడే.

షుగర్ పెరుగుతుందా అని అడిగారు. ఒక ట్యూబులో మొత్తం 1 గ్రాము: 0.85 గ్రాముల చక్కెర, 0.15 గ్రాముల పాలచక్కెర. టీలో వేసుకునే చెంచా చక్కెర 4 గ్రాములు. ఆ గుళికల్లో ఉన్నదంతా చక్కెరే, కానీ ఒక ట్యూబుకి మామగారి షుగర్ కదలదు.