హాస్టల్ వార్డెనుగా చేరిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య దీవెనలు.

ఇంటర్ ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేరావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషం. మెస్సు, హాజరు పట్టీ, గేటు పాసుల సంగతి అక్కడివాళ్లే నేర్పుతారు. వాళ్లు నేర్పనిది ఒకటుంది, చచ్చిపోవాలనుకునే పిల్లను, మనసు చెదిరిన పిల్లను ఎలా కనిపెట్టి కాపాడుకోవాలో. ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో నర్సుగా ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కనుక అది నేను రాస్తున్నాను.

ఏడ్చే పిల్ల దగ్గరకు అందరూ పరుగెత్తుకొస్తారు. నోరు మెదపని పిల్లను నువ్వు చూసుకోవాలి. కంచంలో అన్నం కెలికి లేచిపోతుంది. అర్ధరాత్రి దాటాక కూడా పుస్తకం ముందు కూర్చునే ఉంటుంది, పేజీ మాత్రం తిరగదు. తల దువ్వుకోవడం మీద కూడా ధ్యాస ఉండదు. ర్యాంకులు నోటీసు బోర్డుకెక్కిన రోజున, అమ్మానాన్నలు వచ్చి చూసి వెళ్లిన సాయంత్రం, ఫలితాల ముందూ వెనకా గదుల వైపు ఒకటికి రెండుసార్లు తిరుగు. “నేను లేకపోతే నాన్నకు ఫీజు బాధైనా తప్పుతుంది” అని నవ్వుతూ అన్నా తేలిగ్గా తీసుకోకు. ఇష్టంగా దాచుకున్న వస్తువులు పంచిపెడుతున్నా, వారాల తరబడి కుమిలిపోయిన పిల్ల ఉన్నట్టుండి ప్రశాంతంగా కనిపించినా ఆ పూటే పిలిచి మాట్లాడు.

ఏమడగాలంటావా? “చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ?” అని సూటిగా, ఆ మాటతోనే అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామందికి భయం. అలా జరగదు. అడిగినందుకు కోప్పడిన పిల్లలకంటే, అమ్మయ్య ఎవరో ఒకరు అడిగారని భోరుమన్నవాళ్లనే నేను ఎక్కువగా చూశాను. అడిగాక నువ్వు ఊరుకో. ఎంతసేపైనా సరే, ఆ పిల్లను చెప్పనివ్వు. “ఇంత చిన్న విషయానికా”, “కన్నవాళ్ల సంగతి ఆలోచించావా” అనే మాటలు మనకు ప్రేమతోనే వస్తాయి కాని, ఆ సమయంలో వాళ్లకు అవి నిందల్లాగే వినిపిస్తాయి. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయమంటే వేయకు. “నిన్ను కాపాడుకోవడానికి ఎవరికి చెప్పాలో వాళ్లకే చెబుతాను, మిగతా ఎవరికీ తెలియనివ్వను” అని చెప్పు, ఆ మాట నిలబెట్టుకో.

ఎలా చనిపోవాలో, ఎప్పుడు చనిపోవాలో కూడా అనుకుని ఉందని తెలిస్తే ఇక క్షణం ఒంటరిగా వదలకు. స్నానాల గదికి వెళ్లినా నువ్వో ఆయమ్మో బయట నిలబడాలి. మందుబిళ్లలు, ప్రమాదం తెచ్చే వస్తువులు ఆ గదిలోంచి తీసేయండి, మేడ తలుపుకు తాళం వేయించు. 14416కు ఫోను చెయ్యి. అది టెలిమానస్, మనసు బాగోలేనివాళ్లకు ఫోనులో సాయం చేసే సేవ, 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. ఇప్పటికే ఏదైనా మింగిందని తెలిస్తే మాత్రం వెంటనే 108. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించాలని చూడకు, దానివల్ల ఇంకా హాని. మింగినదాని సీసా, అట్ట ఏది దొరికితే అది డాక్టరుకు చూపించడానికి వెంట తీసుకెళ్లు.

ఇంకో రకం ఉంది. నిద్రే లేకుండా రోజులు గడుపుతుంది, ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తోందంటుంది, కూరలో ఏదో కలిపారంటుంది. లేదని వాదించకు, అవునని తలూపకు. “నీకు చాలా భయంగా ఉంది కదూ, నేనున్నాను” అని నెమ్మదిగా మాట్లాడి, చుట్టూ మూగినవాళ్లను పంపించు. తల్లిదండ్రులు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తామంటే వాళ్లతో పోట్లాడకు. మొక్కు ఎప్పుడైనా తీర్చుకోవచ్చు, ముందు ఆసుపత్రికి వెళ్దామని చెప్పి నువ్వే వెంట వెళ్లు. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు. మరీ అవసరమైతే హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. అక్కడికి వెళ్తే పిచ్చిదన్న ముద్ర పడుతుందని జంకి, జబ్బు ముదిరాక తీసుకొచ్చే తల్లిదండ్రులను చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది.

ఆసుపత్రి నుంచి వచ్చాక అంతా అయిపోయిందనుకోకు. ఇంటికొచ్చిన మొదటి వారాల్లోనే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. దిగులు తగ్గించే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, అందుకే నాలుగు రోజులకే గుణం లేదని మానేస్తారు. ఆ మందులు నీ దగ్గర పెట్టుకుని పూటకు సరిపడా ఇవ్వు. సెలవులకు ఊరికి వెళ్లేటట్టయితే, పురుగుమందులు ఇంట్లో ఉంచవద్దని వాళ్ల నాన్నకు ముందే చెప్పు. రైతు ఇళ్లలో ఈ ఒక్క జాగ్రత్త ప్రాణాలు నిలుపుతుంది. తోటి పిల్లలను కూడా కూర్చోబెట్టి మాట్లాడు, వాళ్లూ బెదిరిపోయి ఉంటారు.

పోలీసు కేసవుతుందని, కాలేజీ పేరు పోతుందని యాజమాన్యం నసుగుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రాణం తీసుకోబోయినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించాలి, శిక్షించకూడదు. ఆ సంగతి వాళ్లకు చెప్పు. పరీక్షలయ్యేదాకా ఇంటికి చెప్పొద్దంటే మాత్రం వినకు. ఆ రాత్రే వాళ్ల అమ్మకు ఫోను చెయ్యి. ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుందాం, మీ నాన్నకు నేను చెబుతాను.

మీ అత్తయ్య