కాల్షియం ఎక్కువున్నా మాత్రలు వాడాలా?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. ఒళ్లు నొప్పులంటే పరీక్షలు చేయించాం. విటమిన్ డి 11, కాల్షియం 11.1, పారాథైరాయిడ్ హార్మోన్ 128 వచ్చాయి. మందుల షాపులో కాల్షియం మాత్రలు, 60,000 యూనిట్ల డి సాచెట్లు ఇచ్చారు. వాడొచ్చా డాక్టరు గారూ?
– ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: ముందు ఆ కాల్షియం మాత్రలు ఆపించండమ్మా. డి తగ్గితే, రక్తంలో కాల్షియాన్ని పెంచే పారాథైరాయిడ్ హార్మోన్ పెరగడం మామూలే. కానీ అప్పుడు రక్తంలో కాల్షియం తక్కువగానో, సరిగ్గానో (సుమారు 8.5–10.5) ఉంటుంది. మీ అమ్మగారికి కాల్షియం, హార్మోన్ రెండూ ఎక్కువే. మెడలోని నాలుగు పారాథైరాయిడ్ గ్రంథుల్లో ఒకదానికి చిన్న గడ్డ వచ్చి ఉండొచ్చు. అది క్యాన్సర్ కావడం చాలా అరుదు, భయపడకండి.

కాల్షియం మళ్లీ చేయించండి, దాంతోపాటు ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) కూడా. రక్తం తీసేటప్పుడు చేతి పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచితే కాల్షియం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు కాబట్టి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. కిడ్నీ దెబ్బతిన్నా ఈ హార్మోన్ పెరుగుతుంది. 24 గంటల మూత్రంలో కాల్షియం కూడా చూడాలి.

డి లోటు తీర్చాల్సిందే, కాని ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) చెప్పిన మోతాదులో, కాల్షియం చూసుకుంటూ. సాచెట్ మామూలుగా వారానికొకటి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రమాదం. పాలు, పెరుగు మానక్కర్లేదు. వాంతులు, విపరీతమైన దాహం, మగత కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.